ఎవరి ఇంటికి వాళ్ళే మునిసిపాలిటీ

గన్నర్‌సైడ్‌లో ఇల్లు అద్దెకి దొరికిందని చెప్పగానే లండన్ దగ్గర స్లౌలో, రెడింగ్‌లో ఉన్న మా తెలుగు మిత్రులంతా ఒకే ప్రశ్న వేశారు. "అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" లేరు. దానివల్ల మాకు వచ్చిన ఇబ్బందీ పెద్దగా లేదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కొళాయిలో నీళ్ళు ఎక్కడివి? మురుగు ఎక్కడికి పోతుంది? బాయిలర్ దేంతో మండుతుంది? కరెంటు పోతే ఏమేం ఆగిపోతాయి? ఇంగ్లండులో నాలుగేళ్ళున్నా ఈ నాలుగూ మాకు ఎప్పుడూ తట్టలేదు. తట్టే అవసరం రాలేదు.

గన్నర్‌సైడ్ అంటే యార్క్‌షైర్ డేల్స్ నేషనల్ పార్కులో, స్వేల్ నది లోయలో ఉన్న చిన్న ఊరు. రిచ్‌మండ్ నుంచి నదికి ఎదురు వెళ్ళే రోడ్డు పట్టుకుంటే రీత్ దాటాక వస్తుంది. రాతి ఇళ్ళు, ఒక పబ్బు, ఒక మెథడిస్టు ప్రార్థనాలయం, మధ్యలో వాగు, దాని మీద వంతెన. ఒకప్పుడు ఈ కొండల నిండా సీసం గనులు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బయటి దేశాల నుంచి సీసం చవగ్గా రావడం మొదలయ్యేసరికి ఇక్కడి గనులు మూతబడ్డాయి. జనం లాంకషైర్ నూలు మిల్లులకీ, డరం బొగ్గు గనులకీ, కొందరు ఏకంగా అమెరికాకీ వెళ్ళిపోయారు. గొర్రెలు మిగిలాయి. ఇంత తక్కువ మంది కోసం కొండలు తవ్వి గ్యాస్ పైపు ఎవరూ వెయ్యలేదు. మేం తీసుకున్న ఇల్లు ఊళ్ళో కూడా కాదు, ఊరికి పైన, వాగు పక్కగా ఎక్కే మట్టిదారిలో. ఊళ్ళో ఇళ్ళకున్న మంచినీటి పైపూ, డ్రైనేజీ కూడా అక్కడిదాకా రావు.

నా భార్య డాక్టరు. జీపీ (ఫ్యామిలీ డాక్టరు) ట్రైనింగ్‌లో భాగంగా తనకి ఈ వైపు పోస్టింగు వచ్చింది. నాది ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ పని. ఇంటర్నెట్ ఉంటే ఎక్కడైనా ఒకటే అనుకుని 2021 వేసవిలో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. వెబ్‌సైట్లలో వారం రోజులకి అద్దెకిచ్చే సెలవు కాటేజీలు కొల్లలుగా ఉన్నాయి. ఏడాదికి అద్దెకిచ్చే ఇల్లు ఒక్కటీ లేదు. కొన్ని ఇళ్ళలో స్థానికులు మాత్రమే ఉండాలని ప్లానింగ్ షరతు ఉంటుంది. చాలా ఇళ్ళు ఎక్కడో లీడ్స్‌లోనో లండన్‌లోనో ఉండేవాళ్ళ రెండో ఇళ్ళు. ఏడాదిలో సగం రోజులు వాటికి తాళాలే. ఈ సమస్య ఎంత ముదిరిందంటే, 2025 ఏప్రిల్ నుంచి నార్త్ యార్క్‌షైర్‌లో రెండో ఇళ్ళకి కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) రెట్టింపు చేశారు. చివరికి మాకు ఇల్లు దొరికింది నోటిమాట మీద. నా భార్యతో పనిచేసే ఒకావిడ, ఫలానా రైతు వాళ్ళమ్మ పోయాక ఆ ఇల్లు ఖాళీగా ఉందనీ, అడిగి చూడమనీ చెప్పింది.

కాగితాల పని అన్ని చోట్లా ఉండేదే. వీసా చూపించడం, ఐదు వారాల అద్దెకి మించకుండా డిపాజిట్ కట్టడం, సంతకాలు. పట్నంలో ఏజెంటు ఇల్లు చూపించేటప్పుడు వంటగది చూపిస్తాడు, బాత్రూం చూపిస్తాడు. ఈ రైతు మమ్మల్ని గుమ్మం కూడా ఎక్కనివ్వకుండా ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. "ముందు ఇవి చూడండి. నచ్చితే లోపలికి పోదాం" అన్నాడు.

మొదట చూపించింది ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు. అందులో కిరసనాయిలు. ఒకప్పుడు మన రేషన్ షాపుల్లో ఇచ్చినదాని జాతే, ఇక్కడ దాంతో బాయిలర్ మండించి ఇల్లంతా వేడి చేస్తారు. నెలనెలా బిల్లు ఉండదు. ఫోన్ చేసి ఆర్డరిస్తే ట్యాంకర్ వచ్చి పోసి పోతుంది. మామూలుగా 500 లీటర్లకి తక్కువ పొయ్యరు. మా దారి సన్నం కాబట్టి చిన్న ట్యాంకర్ కావాలని ప్రతిసారీ విడిగా చెప్పుకోవాలి. పెద్దది వస్తే మలుపు దగ్గర రాతి గోడకి తగులుకుంటుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ మన వంతు ఎప్పుడో. ట్యాంకు అడుగంటితే కూడా కష్టమే. అడుగున చేరిన మడ్డి పైపులోకి వస్తుంది, గాలి చొరబడుతుంది, అప్పుడు ఆయిల్ పోసినా బాయిలర్ అంటుకోదు. మనిషిని పిలిపించి గాలి తీయించాలి. అందుకే పావు ట్యాంకుకి దిగకముందే ఆర్డర్ పెట్టాలని రైతు మరీ మరీ చెప్పాడు. గేజి ఉంది కానీ దాన్ని నమ్మొద్దని చేతికి ఒక వెదురు కర్ర ఇచ్చాడు. దాని మీద కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ పెట్టుకున్న గుర్తులట.

ఊళ్ళో ఆయిల్ క్లబ్ అని ఒకటి నడుస్తుంది. క్లబ్ అంటే ఆఫీసూ గట్రా ఏం లేదు. రిటైరైన టీచరొకావిడ ఎవరెవరికి ఎన్ని లీటర్లు కావాలో రాసుకుని, డిపోలన్నిటికీ ఫోన్ చేసి, ఎవరు తక్కువ చెబితే వాళ్ళకి మొత్తం ఆర్డర్ ఇస్తుంది. లీటరుకి కొన్ని పెన్నీలు కలిసొస్తాయి. అసలు లాభం ధరలో కాదు. ఫలానా రోజు ట్యాంకర్ మన లోయలోకి వస్తోందని తెలుస్తుంది, వరుసలో మన పేరు ఉంటుంది. గ్యాస్, కరెంటు ధరలకి ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి ఆయిల్‌కి లేదు. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో లీటరు ఒక పౌండు దాటింది. ఆ నెల్లో ఆవిడ ఫోన్లు చేసీ చేసీ గొంతు పోగొట్టుకుంది. మర్నాటి ధర ఎంతో చెప్పడానికి డిపోలు సిద్ధంగా లేవు. ఆ తర్వాతి చలికాలంలో గ్యాస్ పైపు లేని ఇళ్ళకి ప్రభుత్వం 200 పౌండ్లు ఇచ్చింది, కరెంటు ఖాతాలో వేసి. మంచిదే. కానీ అప్పటి ధరల్లో అది సగం ఆర్డరుకి కూడా రాలేదు.

రెండోది నీళ్ళు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

ఇంటి పైన గడ్డి చేలో, రాతి గోడకి ఆనుకుని, నేలమట్టంలో ఒక బండ కనిపించింది. రైతు గునపం వేసి దాన్ని పక్కకి జరిపాడు. కింద మనిషి ముడుచుకుని కూర్చునేంత కాంక్రీటు తొట్టి. ఒక పక్క గోడలోంచి బొటనవేలంత లావు ధార పడుతోంది. మరో పక్క అడుగు ఎత్తులో, జల్లెడ బిగించిన పైపు మన ఇంటికి. అంతే, మా వాటర్ వర్క్స్. చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. అడుగున బూడిదరంగు పురుగులు పక్కకి వాలి గబగబా ఈదుతున్నాయి. నా భార్య మొహం చూసి రైతు నవ్వాడు. అవి మంచినీటి రొయ్యల జాతివట. "అవి బతికున్నంత కాలం భయం లేదమ్మా. అవి కనబడకపోతే నాకు చెప్పండి" అన్నాడు. మైక్రోబయాలజీ చదివిన మనిషికి ఈ హామీ ఏం సరిపోతుంది? "ఫిల్టర్ ఎక్కడ?" అని అడిగింది.

ఫిల్టర్ వంటగది పక్క గదిలో ఉంది. మొదట ఒక సీసాలో తెల్లటి కార్ట్రిడ్జి, మట్టీ నలుసులూ పట్టడానికి. తర్వాత స్టీలు గొట్టం, దాని లోపల అతినీలలోహిత దీపం. అది సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఈ రెండూ ఈ వరుసలోనే ఉండాలి, ఎందుకంటే నీళ్ళు మబ్బుగా ఉంటే కిరణాలు అవతలికి పోలేవు, క్రిములు నలుసుల చాటున దాక్కుని బతికిపోతాయి. దీపం వెలుగుతున్నట్టే ఉన్నా శక్తి తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చెయ్యాలి. కార్ట్రిడ్జికి లెక్క లేదు, అదంతా వానని బట్టి. పైనున్న కొండంతా పీట్ నేల, అంటే కుళ్ళిన నాచూ గడ్డీ పేరుకున్న తడి నేల. గట్టి వాన పడితే వాగు టీ డికాక్షన్ రంగులో దూకుతుంది. మా ఊటకీ ఆ ఛాయ కాస్త తగులుతుంది. అలాంటి వారంలో తెల్లటి కార్ట్రిడ్జి గోధుమరంగుకి తిరిగిపోయి, షవర్‌లో ధార సన్నబడుతుంది. అదే మనకి సూచన. వాల్వు కట్టేసి, సీసా విప్పి, కొత్తది పెట్టి, రబ్బరు రింగుకి కాస్త గ్రీజు రాసి బిగించాలి. చెయ్యి తిరిగాక పది నిమిషాల పని.

అద్దె ఇల్లు కాబట్టి కౌన్సిల్ మనిషి వచ్చి శాంపిల్ తీసుకున్నాడు. ఆ పద్ధతి చూసి నా భార్య తృప్తి పడింది. కొళాయికున్న జల్లెడ విప్పేసి, చిన్న గ్యాస్ మంటతో కొళాయి మూతిని కాల్చి, నీళ్ళు కాసేపు వదిలేసి, సీసా మూత చేతికి తగలకుండా పట్టుకుని నింపి, ఐస్ పెట్టెలో పెట్టాడు. పైకెక్కి తొట్టి చుట్టూ కంచె ఉందా, గొర్రెలు దగ్గరికి రాగలవా, వాననీళ్ళు బండ కిందకి జారుతున్నాయా అని చూసి రాసుకున్నాడు. రిపోర్టులో ఈకోలై బాక్టీరియా లేదు. కంచె మాత్రం ఒక చోట వదులైందని, బిగించమని రాశారు. రైతు కాగితం చదివి, జేబులో పెట్టుకుని, "పొట్టేళ్ళ సంత అయ్యాక చేస్తా" అన్నాడు. అక్టోబరులో హాజ్‌లో స్వేల్‌డేల్ జాతి పొట్టేళ్ళ అమ్మకాలు జరుగుతాయి. ఆ నెల్లో ఈ లోయలో ఏ రైతునీ ఏ పనీ అడగకూడదని అప్పుడే అర్థమైంది. ఏప్రిల్‌లో ఈతల కాలం, జులైలో ఎండుగడ్డి కోత, ఇవి కూడా అంతే. ఆ జులై గడ్డి చేలు పూలతో నిండి ఉన్నప్పుడు చూడాలి. కాలిబాట చేనుకి అడ్డంగా పోతుంది, ఒకరి వెనక ఒకరు నడవమని బోర్డు ఉంటుంది, పక్కకి అడుగేస్తే తొక్కేది గొర్రెల చలికాలపు తిండి. మేం కూడా అవసరాల్ని ఆ క్యాలెండరుకి సర్దుకున్నాం.

మూడోది సెప్టిక్ ట్యాంకు. మనకి కొత్త కాదు, మా కందుకూరులో ప్రతి ఇంటికీ ఉండేది. తేడా అంతా కట్టుబాట్లలో ఉంది. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్ళు నేలలో పరిచిన చిల్లుల పైపుల్లోకి పోయి ఇంకిపోవాలి. నేరుగా వాగులోకి వదిలే ట్యాంకులు 2020 జనవరి 1 నుంచి ఇంగ్లండులో చెల్లవు. మా రైతు అంతకు ముందే మార్పించాడు. ఏడాదికోసారి ట్యాంకరు వచ్చి అడుగున పేరుకున్న మడ్డి తీసుకుపోతుంది. మూత తీసినప్పుడు ఆ పనివాడు నన్ను పిలిచి మరీ చూపించాడు. పైన తెట్టు, మధ్యలో నీళ్ళు, కింద మడ్డి. తెట్టు మందం చూస్తే ఆ ఇంట్లో ఏం వండుతారో చెప్పేస్తాడట. "వేపుళ్ళు బాగానే చేస్తారా?" అని అడిగాడు. చేస్తాం, కానీ నూనె సింకులో పొయ్యం. మూకుడు కాగితంతో తుడిచి, ఆ కాగితం పొయ్యిలో వేస్తాం. వాడిన నూనె డబ్బాలో పోసి రిచ్‌మండ్ వెళ్ళినప్పుడు రీసైక్లింగులో ఇస్తాం. గంజి పక్కింటావిడ కోళ్ళ మేతలోకి పోతుంది. బ్లీచింగు జోలికి పోం, అది లోపల పనిచేసే బాక్టీరియాని చంపేస్తుంది. ఆదివారం తలంట్లకి మాత్రం ఏ మార్గమూ దొరకలేదు. ఆ కొబ్బరినూనె ట్యాంకులోకే.

పొయ్యి సంగతి తేలిగ్గా నేర్చుకున్నాం. ముందు గదిలో ఇనప పొయ్యి, కట్టెలు వేసుకునేది. ఎండినవే వెయ్యాలి, తేమ 20 శాతానికి మించకూడదు. సంచుల్లో అమ్మే కట్టెలకి 2021 మే నుంచి చట్టమే వచ్చింది, ఇళ్ళలో కాల్చే మామూలు బొగ్గు సంచుల్లో అమ్మకమూ అప్పుడే ఆగింది. ఏడాదికోసారి పొగగొట్టం తుడిపించాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం ఇంటి యజమాని బాధ్యత. ఇక్కడ ఒక ఊరట కూడా ఉంది. వేడినీళ్ళ డ్రమ్ము ఉన్న అలమరలో దోసెల పిండి పెడితే డిసెంబరులో కూడా తెల్లారేసరికి పొంగుతుంది. లండన్ ఫ్లాట్‌లో ఓవెన్ దీపం వేసి పెట్టినా ఇంత బాగా ఎప్పుడూ పులియలేదు.

ఇవన్నీ అలవాటయ్యాయి అనుకుంటుండగా 2021 నవంబరు 26 వచ్చింది. శుక్రవారం. ఆర్వెన్ తుపాను. ఇక్కడ గాలులు సాధారణంగా పడమటి నుంచి వీస్తాయి. ఇళ్ళు, చెట్లు, గోడలు అన్నీ ఆ దిక్కుకే అలవాటు పడి ఉంటాయి. ఆ రాత్రి గాలి ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి వచ్చింది. వంద, నూటయాభై ఏళ్ళు నిలబడ్డ చెట్లు వేళ్ళతో లేచి తీగల మీద పడ్డాయి. ముఖ్యంగా స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండుల్లో, పది లక్షల పైచిలుకు ఇళ్ళకి కరెంటు పోయింది. మాది రాత్రి భోజనాల వేళకి పోయింది. తెల్లారి చూస్తే మంచు. దారీ గోడా ఒకటే అయ్యాయి.

కరెంటు పోవడం ఆంధ్రాలో పెరిగినవాడికి వార్త కాదు. కొవ్వొత్తి వెలిగించి పడుకున్నాను. పొద్దున కానీ తెలీలేదు, ఆ ఒక్క తీగ మీద ఎన్ని వేలాడుతున్నాయో. ట్యాంకు నిండా ఆయిల్ ఉంది, కానీ బాయిలర్ అంటుకోవడానికి, పంపు తిరగడానికి కరెంటు కావాలి. ఊట తన పాటికి తను పారుతోంది, పల్లానికి కాబట్టి కొళాయిలోకీ వస్తోంది, కానీ అతినీలలోహిత దీపం ఆరిపోయింది. అంటే వస్తున్నవి కొండ మీది పచ్చి నీళ్ళు. కరెంటు పొయ్యి పనిచెయ్యదు. ఇంటర్నెట్ లేదు, దాంతో పాటు నా ఉద్యోగం కూడా. సెల్ సిగ్నల్ పై మలుపు దగ్గర మాత్రమే అందేది, టవర్ బ్యాటరీ అయిపోయినట్టుంది, మధ్యాహ్నానికి అదీ పోయింది.

ఇనప పొయ్యి ఒక్కటే మా మాట విన్నది. దాని పైభాగం చదునుగా ఉంటుంది. ముందు పెద్ద గిన్నెలో తాగే నీళ్ళు మరగబెట్టుకున్నాం. తర్వాత కుక్కర్. పొయ్యి తలుపు కింద గాలి సందు పూర్తిగా తెరిచి, సన్న కట్టెలు వేస్తూ పోతే అరగంట దాటాక మొదటి కూత వేసింది. పప్పు ఉడికింది. ఫ్రిజ్‌లోవన్నీ పెట్టెలో సర్ది బయట మంచులో పెట్టాం. నా భార్య కాలినడకన ఊళ్ళోకి దిగి, పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళకి వెళ్ళొస్తానంది. నేనూ వెళ్ళాను.

పక్కిల్లంటే మాకు పొలం అవతల. ఆవిడ వయసు ఎనభై దాటింది. గోడకి తగిలించిన పాత తీగ ఫోను ఉంది ఆవిడకి. కరెంటుతో పనిలేని రకం, రాగి తీగలోనే ఎక్స్‌ఛేంజి నుంచి దానికి కావాల్సిన కరెంటు వస్తుంది. ఆ వారమంతా మా వైపు నాలుగైదు ఇళ్ళకి అదే టెలిఫోన్ ఆఫీసు. కరెంటు పోతే చెయ్యాల్సిన నంబరు 105కి చేస్తే రికార్డు చేసిన గొంతు రేపు సాయంత్రం వస్తుంది అంది. రేపు చేస్తే ఎల్లుండి అంది. "నాయనా, 1963లో ఇంతకంటే మంచు కురిసింది. అప్పుడు మాకు పోవడానికి ఇన్ని వస్తువులు లేవులే" అంది ఆవిడ కెటిల్ పొయ్యి మీద పెడుతూ.

మా ఇంటి యజమాని రైతు క్వాడ్ బైకు (నాలుగు చక్రాల బండి) మీద కుక్కనేసుకుని రోజంతా కొండ మీదే. గొర్రెలు గాలికి వెన్నిచ్చి గోడల చాటున చేరతాయి, మంచు కొట్టుకొచ్చి అక్కడే పేరుకుంటుంది, వాటిని పూడ్చేస్తుంది. గాలి అలవాటులేని దిక్కు నుంచి వచ్చింది కాబట్టి గొర్రెలు ఏ గోడల దగ్గర ఉంటాయో కూడా అంచనా తప్పింది. పొడవాటి కర్రతో మంచులో పొడుస్తూ వెతకడం చూశాను. చీకటి పడ్డాక కిందికి వచ్చి మా ఇంట్లో కూర్చుని పప్పన్నం తిన్నాడు. కారం తగిలి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే రెండోసారి అడిగాడు. కారు రేడియోలో విన్న వార్త కూడా ఆయనే చెప్పాడు. లోయ పైన టాన్ హిల్ ఇన్‌లో, బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న పబ్బు అది, పాటలు వినడానికి వచ్చిన అరవై మందికి పైగా జనం, బ్యాండుతో సహా మంచులో చిక్కుకుపోయారట. మూడు రాత్రులు అక్కడే ఉన్నారు. లోయలో ఇప్పటికీ ఎక్కువమందికి గుర్తున్నది ఆ కథే. మిగతావాళ్ళ చీకటి ఎవరికి గుర్తుంటుంది?

మాకు వారం మధ్యలో కరెంటు వచ్చింది. దేశం మొత్తమ్మీద దాదాపు నాలుగు వేల ఇళ్ళకి వారం దాటినా రాలేదు. నష్టపరిహారానికి అప్పట్లో ఒక లెక్క ఉండేది. నిర్ణీత గడువు దాటితే 70 పౌండ్లు, ఆపైన ప్రతి 12 గంటలకీ ఇంకో 70. ఉన్న 700 పౌండ్ల పరిమితిని ఆ తుపానుకి ఎత్తేశారు. మాకు చెక్కు మామూలుగానే వచ్చింది. ఉత్తర ఇంగ్లండులో 74 మందికి మాత్రం ఒక్కొక్కరికి 2.3 లక్షల కోట్ల పౌండ్ల చొప్పున చెక్కులు వెళ్ళాయి. ఏదో అంకె రాయాల్సిన చోట ఇంకేదో అంకె పడిందట. అవి బ్యాంకులో వేస్తే ఏమయ్యేదోనని పబ్బులో చాలా రోజులు చర్చ నడిచింది.

కరెంటు వచ్చాక స్విచ్చి వేసి వదిలెయ్యడం కాదు. ఊటనీళ్ళ పైపుల్లోకి శుద్ధి కాని నీళ్ళు చేరాయి కాబట్టి, కొత్త కార్ట్రిడ్జి పెట్టి, దీపం వేడెక్కాక, ఇంట్లో ప్రతి పైపులోంచీ క్లోరిన్ కలిపిన నీళ్ళు పంపి, కాసేపు నిలవుంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి వదలాలి. ఆ క్లోరిన్ నీళ్ళు సెప్టిక్ ట్యాంకులోకి పోతే అక్కడి బాక్టీరియా చచ్చిపోతుంది. అందుకని గొట్టాలు పెట్టి బయటికి, వాగుకి దూరంగా మళ్ళించాం. ఒక వ్యవస్థని బాగు చెయ్యబోతే ఇంకోదానికి ఎసరు రాకుండా చూసుకోవడంలోనే రోజు గడిచిపోయింది. మునిసిపాలిటీలో ఈ రెండు పనులకీ రెండు శాఖలుంటాయి. ఇక్కడ రెండింటికీ ఇంజనీరూ, కూలీ నేనే.

ట్రైనింగు అయ్యాక నా భార్య ఈ వైపే ఉద్యోగం తీసుకుంది. ఇల్లు వదల్లేదు. ఎవరైనా తెలుగువాళ్ళు ఇలాంటి ఊరికి వస్తూ అడిగితే కరివేపాకు సంగతి చివర్లో చెప్తాను (మిడిల్స్‌బరోలో దొరుకుతుంది, ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు). ఆయిల్ క్లబ్‌లో పేరు రాయించుకొమ్మనీ, ఊటకి మూత ఎక్కడుందో ఇంటి యజమాని చేత చూపించుకొమ్మనీ, ఇంట్లో కట్టెల పొయ్యి లేకపోతే ఆ ఇల్లే వద్దనీ చెప్తాను. పిల్లలో ముసలివాళ్ళో ఉంటే కరెంటు కంపెనీ దగ్గర ప్రాధాన్యత జాబితా ఒకటుంటుంది, అందులో ఉచితంగా పేరు చేర్చుకోవచ్చు.

ఇప్పుడు కొత్త గొడవ ఫోన్లది. దేశమంతా రాగి తీగల టెలిఫోన్ వ్యవస్థని 2027 జనవరి చివరికల్లా ఆపేసి, ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదికి మారుస్తున్నారు. మా పక్కింటావిడకీ ఉత్తరం వచ్చింది. మారాక కరెంటు పోతే రౌటరూ పోతుంది, రౌటరుతో పాటు గోడ ఫోనూ. ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడ్డవాళ్ళకి కనీసం ఒక గంట నడిచే బ్యాటరీ ఇవ్వాలని నియంత్రణ సంస్థ నిబంధన. ఆర్వెన్ చూసినవాళ్ళతో ఒక గంట అని ఎలా అనగలరో నాకు అర్థం కాదు. మా లోయలో ఒక గంటలో లైన్‌మాన్ రీత్ కూడా దాటడు.

నేను లెక్కలు వేస్తున్నాను. నీళ్ళ దీపానికి 40 వాట్లు. ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీ కొంటే అదొక్కటే లెక్క ప్రకారం 25 గంటలు నడుస్తుంది. రౌటరు కూడా తగిలిస్తే కొంచెం తగ్గుతుంది. బాయిలర్ పెడితే ఒక పూట. మా ఇంటికొకటి, ఆవిడకొకటి కొంటే ఎంతవుతుందో రాసి చూపించాను. ఆవిడ కాగితం పక్కన పెట్టి, ఆ డబ్బుతో ఎంత కట్టె వస్తుందో లెక్క చెప్పమంది.